హెడ్‌లైటుకు బొట్టు

చోటీ బీ జగడంలో గెలవడం పోసవ్వ మొట్టమొదట చూసింది బాన్సువాడ బస్టాండు ముందర, ఒక ఆటోలో. ఆ రోజు ఓడిపోయినవాడు ఆటో చందర్. వాడికంటే ముందే ఓడిపోయింది పోసవ్వ. ఆ సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పదు.

మహమ్మద్ నగర్ పోయే ఆటో అది. అప్పటికే తొమ్మిది మంది ఎక్కి కూర్చున్నారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. చందర్ ఆటోకు ఆనుకుని పల్లీలు ఒలుచుకుంటూ "నిండితేనే కదులుతది" అంటాడు. పోసవ్వ ఊరుకునే మనిషా? వాడి ఆటోను, వాడి పల్లీలను, వాడికి లైసెన్సు ఇచ్చినవాణ్ణి, ఆ ఇచ్చినవాడి ఇంటిల్లిపాదినీ వరసగా అందుకుంది. బడిలో రెండో తరగతి దాటలేదు గానీ, తిట్ల దగ్గర పోసవ్వ పెద్ద పరీక్షలన్నీ రాసిన మనిషి. చందర్ నవ్వుతూ విన్నాడు. మధ్యలో "అవ్వా, జర గట్టిగ చెప్పు, యెనక సీటోళ్ళకు ఇనవడ్తలేదట" అని కూడా అన్నాడు.

అప్పుడు పోసవ్వ పక్కన ఇరుక్కుని కూర్చున్న ఒక సన్నపాటి మనిషి, ఒళ్లో రెండు గాజుల పెట్టెలు పెట్టుకున్న ఆమె, మెల్లగా అడిగింది.

"తమ్మీ, మల్లొక్కసారి చెప్పు. నాకు సమజ్ కాలె. ఇంక ఎంత మంది అయితే కదులుతది?"

"ముగ్గురు కావాలె."

"ఆ ముగ్గురు ఏడ కూసుంటరు?"

"గదే, నడిమిట్ల. సర్దుకుంటరు."

"అట్లనా. అయితె నేను దిగుత. నువ్వు అచ్చి నా జాగల కూసోని చూపియ్యి. ముగ్గురు వద్దు, నువ్వొక్కనివే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇక వాడికి అది పరువు సంగతి అయింది. ఆమె దిగగానే ఎక్కి, పోసవ్వకూ సంచులు పెట్టుకున్న ఇంకొకామెకూ మధ్య నడుము మోపబోయాడు. సగం దిగింది, సగం గాల్లో ఉండిపోయింది. పోసవ్వ కావాలని ఏమీ చేయలేదు. ఊపిరి పీల్చింది, అంతే. చందర్ రోడ్డు మీద పడ్డాడు. పల్లీలు జేబులో పోసుకుని, కిక్కురుమనకుండా ఆటో తీశాడు.

దారి పొడుగునా పోసవ్వకు కుదురు లేదు. తాను అర్ధగంట గొంతు చించుకుంటే కదలని ఆటో ఈ గాజులామె నాలుగు ముక్కలకు కదిలింది. మహమ్మద్ నగర్ వచ్చే లోపల ఒక నిర్ణయానికి వచ్చి మనసు కుదుట పరుచుకుంది. గెలిచింది ఆమె మాట కాదు, నా నడుము.

అట్లా మొదలైంది స్నేహం.

చోటీ బీకి ఆధార్ కార్డు మీద వేరే పేరేదో ఉందట. ఆ పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి చూడదు. యాభై దాటింది. భర్త ఆబిద్ మద్నూర్ రోడ్డు మీద జీపు నడిపేవాడు. చెరకు కొట్టేసిన చేనులో పెళ్లాన్ని కూర్చోబెట్టి, "నాకు నిద్ర అస్తె నువ్వు తోలాలె" అని జీపు నేర్పాడు. నేర్పి ఊరుకోక లైసెన్సు కూడా తీయించాడు. ఆబిద్‌కు నిద్ర రానూ లేదు, ఆమెకు తోలే అవసరం పడనూ లేదు. ఒకనాడు గుండె ఆగి ఆబిద్ పోయాడు. జీపు దవాఖాన ఖర్చులకు అమ్ముడుపోయింది. లైసెన్సు మాత్రం మిగిలింది. దాని గడువు తీరినప్పుడల్లా ఆమె పోయి మళ్లీ చేయించుకుని వస్తుంది. "ఏం తోల్తవని?" అని పోసవ్వ అడిగితే, "ఆయన ఇచ్చింది ఇదొక్కటే చినిగిపోకుంట ఉన్నది అక్కా" అంటుంది.

ఆ తరువాత గాజుల పెట్టె ఎత్తుకుంది. ఏళ్లకేళ్లు ఆటోల్లో, బస్సుల్లో తిరిగింది. గుంతల రోడ్ల మీద దిగేసరికి పెట్టెలో గాజులు సగం, పెంకులు సగం. ఆఖరికి నాలుగేళ్ల కింద ఒక పాత స్కూటీ కొన్నది. వెనక నాలుగు పెట్టెలు, కాళ్ల దగ్గర రెండు. వాటి కింద పాత బొంతలు. ఆ స్కూటీకి ఆమె చేసే సేవ పోసవ్వ కోడళ్లు పోసవ్వకు చేస్తే, పోసవ్వ వాళ్లను పల్లెత్తు మాట అనేది కాదు. పొద్దున్నే గాలి చూస్తుంది, నూనె చూస్తుంది, అద్దం తుడుస్తుంది. పొద్దుగూకితే చెద్దరు కప్పుతుంది.

ఆమె తొడిగిన గాజు పగలదు. పోసవ్వ చెయ్యి రెండు పది. అంటే గాజుల్లో పెద్ద సైజు. పోసవ్వ మాత్రం పెళ్లినాటి నుంచి "నాది రెండు ఆరు" అనే చెప్పేది. దుకాణంవాళ్లు రెండు ఆరు తొడగబోయి డజన్లు విరగ్గొట్టి, పోసవ్వతో తిట్లు తిని పోయేవాళ్లు. చోటీ బీ మొదటిసారి ఆ చెయ్యి పట్టుకుని, వేళ్లు నలిపి, "అక్కా, ఇది రెండు పది" అన్నది.

"నా చెయ్యి నాకెర్క లేదా? రెండు ఆరు."

"సరే, రెండు ఆరే అనుకో. నీ పెండ్లిల ఏం వండిండ్రో చెప్పు."

పోసవ్వ పెళ్లి భోజనంలో చారు దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులకూ రెండు డజన్లు ఎక్కాయి. రెండు పదివే. "చేతిని బిగవడ్తె ఏ సైజు ఎక్కది అక్కా. ఒదులు చెయ్యాలె" అన్నది చోటీ బీ, పెట్టె మూసుకుంటూ.

ఆమెలో పోసవ్వకు నచ్చని గుణం ఒక్కటే. అబద్ధం ఆడదు. గాజు గట్టిది కాకపోతే కాదనే చెబుతుంది, బేరం పోయినా సరే. పోసవ్వ దృష్టిలో అబద్ధం ఉప్పులాంటిది. చిటికెడు పడకపోతే మాటకు రుచి రాదు. ఆ ఉప్పు వేసే చెయ్యి కొంచెం పెద్దదే, రెండు పది.

ఇంతకీ కారు సంగతి.

పోసవ్వ తమ్ముడి కూతురు వైశాలిని మద్నూర్‌లో ఇచ్చారు. పెళ్లికి పోసవ్వ బస్సులో పోయింది. బస్సు దిగి, చెమటతో, చంకలో సంచితో పందిట్లోకి అడుగు పెట్టగానే వైశాలి అత్త "అయ్యో, బస్సుల అచ్చినవా అవ్వా, పాపం" అన్నది. ఆ "పాపం" రెండేళ్లుగా పోసవ్వ గొంతులో చేపముల్లు లాగా ఉండిపోయింది. ఇప్పుడు వైశాలికి శ్రీమంతం. గాజులు తొడగడానికి చోటీ బీని కూడా రమ్మన్నారు.

"ఈసారి కార్ల పోవాలె" అన్నది పోసవ్వ. "డ్రైవరు వద్దు. వాడు దారంత పాటలు వెడ్తడు. నీకు లైసెన్సు ఉన్నది గదా. బస్టాండు యెనక కార్లు కిరాయికిస్తుండ్రట, మనమే తోలుకొని పోవచ్చునట."

కారు అనగానే చోటీ బీ కళ్లల్లో చెరకు కొట్టేసిన చేను కనబడింది. "చూద్దాం" అన్నది. చోటీ బీ చూద్దామంటే, అయినట్టే.

కిరాయి కార్ల ఆఫీసులో ఉండేవాడు మహిపాల్. యజమాని వేరే ఊళ్లో ఉంటాడు, ఫోన్లో ఉరుముతుంటాడు. మహిపాల్ లైసెన్సు చూశాడు, ఆధార్ చూశాడు, రెండు వైపులా చీమల బారులాగా అచ్చు కొట్టిన కాగితం ఒకటి చేతికి ఇచ్చాడు. పోసవ్వ ముందుగా అందుకుని, మొదటి రెండు మాటలు కూడబలుక్కుని, "కండ్లద్దాలు తేలే" అని మడిచి పక్కన పెట్టింది. ఆమెకు కళ్లద్దాలు లేవు.

"కారు మల్ల తెచ్చి ఇచ్చేదాంక ఒక బండి ఈడ పెట్టాలె. రూల్" అన్నాడు మహిపాల్.

చోటీ బీ స్కూటీ వైపు చూసింది. "మహిపాల్, గురువారం మహమ్మద్ నగర్‌ల భూమేశ్ పటేల్ బిడ్డ పెండ్లి గాజులు నేనే తొడగాలె. ఆరు పెట్టెల సరుకు. ఈ బండి లేకుంటె నాకు చేతులు లేనట్టే."

"ఇయ్యాల సోమారం అమ్మా. సాయంత్రం ఆరింటికి మీ బండి మీకే."

తీసుకొచ్చిన కారు తెల్లది. అంటే ఒకప్పుడు తెల్లది. తలుపుల దాకా మట్టి. వెనక సీటు మీద చిప్సు పాకెట్టు. లోపల ఎవరో బిర్యానీ తిని మూడు రోజులైన వాసన. ఎనిమిదింటికి ఇస్తానన్నవాడు టైర్లో గాలి లేదని ఎనిమిదిన్నర చేశాడు. ఫోను తీసి కారు చుట్టూ తిరుగుతూ వీడియో పట్టాడు. ఎక్కడ గీతలున్నాయో ముందే చూపించుకోవడం కూడా రూలేనట. వీడియో అనగానే పోసవ్వ కొంగు సర్దుకుని, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"అవ్వా, జర జరుగు, హెడ్‌లైటు కనవడ్తలేదు."

పోసవ్వ ఒక్క అడుగు జరిగింది. ముఖం మాత్రం ఫోను వైపే ఉంచింది.

కారు ఇంటి ముందుకు రాగానే పోసవ్వ తట్ట పట్టుకుని తయారు. పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ. కొత్త బండికి, దూరం పోయే బండికి పూజ చేయకుండా చక్రం కదలనిచ్చే ఇల్లు కాదు అది.

"అక్కా, ఇది మన బండి కాదు, కిరాయిది" అన్నది చోటీ బీ.

"పొద్దుగూకేదాంక మనదే. నీకెందుకు, నువ్వు లోపల కూసో."

"సరే, నేను బిస్మిల్లా అని ఎక్కుత. నీ కత నువ్వు కానియ్యి." చోటీ బీ ఎక్కి, తలుపు మూసి, అద్దాలు సర్దుకోవడంలో పడింది.

పోసవ్వ బానెట్ మీద మూడు బొట్లు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. వీధిలోవాళ్లు చూస్తున్నారు. పెద్దకొడుకు బాలన్న బతుకుదెరువు కోసం హైదరాబాదులో ఉన్నాడు గానీ, ఉంటే కాయ కొట్టే పని వాడిది. పక్కింటివాళ్లు "నేను కొట్టన్నా అవ్వా?" అన్నారు. "నా చేతులకేం రోగం?" అన్నది పోసవ్వ. కాయను మూడుసార్లు తిప్పి, ఒక్క దెబ్బకు పగలాలని బలం కొద్దీ కొట్టింది, బంపరుకు జానెడు దూరంలో, కొత్తగా పోసిన సిమెంటు రోడ్డు మీద. కాయ ఒక్క దెబ్బకే పగిలింది. ఒక చిప్ప ఎగిరి ఎడమ హెడ్‌లైటుకు తగిలింది. టప్‌మన్నది.

అప్పటికే వీధిలోవాళ్లు చక్రాల కింద నిమ్మకాయల వైపు చూస్తున్నారు. చోటీ బీ సీటు ముందుకు జరుపుకుంటోంది. హెడ్‌లైటు మూల నుంచి నడిమి దాకా నెర్రె బారడం చూసింది పోసవ్వ ఒక్కతే. ఒక్క గడియ ఆగింది. ఆ తరువాత తట్టలోని పసుపంతా అరచేతిలో తడిపి, ఆ నెర్రె మీద అరచెయ్యంత బొట్టు పెట్టి, నడుమ కుంకుమ అద్దింది.

చోటీ బీ కిటికీలోంచి తల బయట పెట్టింది. "హెడ్‌లైటుకు బొట్టేంది అక్కా?"

"కారుకు కన్ను గదా అది. దిష్టి ముందుగాల కంటికే తాకుతది."

అది అప్పటికప్పుడు పుట్టిన శాస్త్రం. చెప్పిన తరువాత పోసవ్వకే నిజమేమో అనిపించింది.

ప్రయాణం ఎట్లా సాగిందంటే, కారులో పని చేసేవి రెండే అని తేలింది. ఒకటి చోటీ బీ, రెండు బ్రేకులు. ఏసీ పెడితే వేడిగాలి వచ్చింది. చోటీ బీ పక్క అద్దం కిందికి దిగింది, మళ్లీ పైకి రాలేదు. పోసవ్వ పక్క అద్దం అసలు దిగనే లేదు. హారన్ స్టీరింగు ఎడమకు తిప్పినప్పుడే మోగింది. దాంతో కుడి మలుపుల దగ్గర పోసవ్వే తల బయటకు పెట్టలేక లోపలి నుంచే "జరుగుండ్రి!" అని అరిచింది. పెట్రోలు ముల్లు సగం దగ్గర ఇరుక్కుని ఉంది. పోసినా సగమే, కాలినా సగమే. మద్నూర్ దగ్గర పడేసరికి లారీల వెనక లారీలు. వాటి దుమ్మంతా తెరిచిన అద్దంలోంచి వచ్చి పోసవ్వ పట్టుచీర మీద తీరికగా కూర్చుంది.

చోటీ బీ మాత్రం నవ్వుతూ తోలింది. గేరు మార్చినప్పుడల్లా పెదవులు కదిలాయి. ఎవరితో మాట్లాడుతోందో పోసవ్వ అడగలేదు. ఆ మాత్రం తెలివి ఆమెకు ఉంది.

వైశాలి ఇంటి ముందు కారు ఆగింది. చోటీ బీ దిగి గాజుల పెట్టెలు ఎత్తుకుని లోపలికి పోయింది. పోసవ్వ తలుపు గుంజింది. రాలేదు. ఆ తలుపు బయటి నుంచే తెరుచుకుంటుంది. అద్దం దిగదు. చోటీ బీ సీటు మీదుగా దిగుదామంటే నడుము గేరు దాటదు. మనిషిని పిలుద్దామంటే, కారులో వచ్చి లోపల ఇరుక్కున్నానని వైశాలి అత్తకు తెలుస్తుంది. వచ్చి తలుపు తీస్తారులే, పెద్దవాళ్లకు అట్లా తీయడమే మర్యాద అనుకుని నడుము నిటారుగా పెట్టి కూర్చుంది. ఎవరూ రాలేదు. ఎండ వచ్చింది. ఒక మేక వచ్చి అద్దంలోంచి చూసి పోయింది. పావుగంట తరువాత వైశాలి అత్తే నీళ్ల చెంబుతో వచ్చి, తలుపు తీసి, దుమ్మూ చెమటా కలిసి పిండి గిర్నీలోంచి వచ్చినట్టున్న పోసవ్వను చూసి "యా ఆజీ, యా" అని మరాఠీలో రమ్మని పిలిచి, ఆ తరువాత తెలుగులో అన్నది.

"అయ్యో, కార్ల అచ్చినవా అవ్వా. పాపం."

సాయంత్రం బాన్సువాడ చేరేసరికి ఆరూ పది. మహిపాల్ గోడ మీద గడియారం చూపించాడు.

"ఆరు దాటింది. ఇంకో రోజు కిరాయి అయితది. బండి గలీజుగ ఉన్నది, కడిగినందుకు వేరే. రూల్ అమ్మా."

పోసవ్వ పొద్దుటి నుంచీ మింగినదంతా అక్కడ కక్కింది. "నీ రూల్ల మన్నువడ! తలుపు తెర్వని కారు ఇచ్చినందుకు నువ్వే మాకు ఎదురియ్యాలె! నీ ఏసీల రొట్టెలు కాల్చుకోవచ్చు! నీ హారను సవతి దిక్కే చూసే మొగని లెక్క ఉన్నది!" మహిపాల్ రెండు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని ముఖంలో పోసవ్వకు ఆనాటి ఆటో చందర్ కనిపించాడు.

చోటీ బీ బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. "మహిపాల్, మల్లొక్కసారి చెప్పు. నాకు సమజ్ కాలె. పది నిమిషాలు లేటైతె ఒక రోజా?"

"రూల్ అమ్మా."

"పొద్దుగాల ఎనిమిదింటికి ఇస్త అంటివి. ఎప్పుడిచ్చినవ్?"

మహిపాల్ గడియారం వైపు చూడడం మానేశాడు.

"వీడియో తియ్యి!" అని అరిచింది పోసవ్వ. "పెండ్లి వీడియో లెక్క తీస్తివి గదా! తియ్యి, అందరు చూడాలె!"

మహిపాల్ ఫోను తీశాడు. ఎనిమిదీ ముప్పై రెండు అని మూలన పడి ఉంది. బొమ్మలో తలుపుల దాకా మట్టి, సీటు మీద చిప్సు పాకెట్టు.

"ఈ మట్టి ఎవరిది మహిపాల్?"

"ముందుగాల కారు తీస్కపోయినోళ్ళది."

"పోయినోళ్ళ మట్టికి నేను నీళ్ళు పొయ్యాల్నా? మల్లొక్కసారి చెప్పు."

మహిపాల్ మంచివాడే. మెడ గోక్కుని "సరే తియ్యిరి, రెండు వద్దు" అన్నాడు. స్కూటీ తాళంచెవి బల్ల సొరుగులోంచి తీసి పైన పెట్టాడు. పోసవ్వ ఆఫీసంతా కలియజూసింది, గెలిచింది తానే అన్నట్టు. తాళంచెవి చోటీ బీ వేళ్లకు అందే లోపల మహిపాల్ గుడ్డ ఒకటి తీసుకుని, పసుపు పెయింటుకు పడుతుందని బొట్లు తుడవడానికి బయటకు పోయాడు. బానెట్ మీద మూడు తుడిచాడు. నాలుగో దాని దగ్గర గుడ్డ పట్టుకున్నది.

"అమ్మా, గిదేంది?"

చోటీ బీ వచ్చి వంగి చూసింది. వేలితో తడిమింది. ముఖం తెల్లబోయింది. "నేను దేనికీ తగిలియ్యలే మహిపాల్. ఆబిద్ మీద ఒట్టు."

ఆబిద్ మీద ఒట్టు పెట్టడం పోసవ్వ ఈ ఏడేళ్ల స్నేహంలో వినలేదు.

మహిపాల్ వీడియో మళ్లీ పెట్టాడు. పోసవ్వ బానెట్ మీద చెయ్యి వేసి నవ్వుతోంది. "అవ్వా, జర జరుగు" అని మాట వినిపించింది. పోసవ్వ జరిగింది. ఎడమ హెడ్‌లైటు, పొద్దుటి ఎండలో, ఒక్క గీత లేకుండా తళతళలాడింది. వీడియో చూపించమని ఊరంతా వినేటట్టు అరిచింది ఎవరో పోసవ్వకు బాగా గుర్తుంది.

"బీమాకు రాసియ్యాలె అమ్మా. ఎట్ల వగిలిందో రాసి, పలగ్గొట్టినోళ్ళు సంతకం వెడ్తె బండి ఇప్పుడే తీస్కపోవచ్చు. లేకుంటె సేటు ఇయ్యద్దంటడు. కంకర తగిలిందని రాయిరి, అయిపోతది."

"నేను కంకర చూడలే. చూడనిది ఎట్ల రాసియ్యాలె?"

"రాయరాదు!" అన్నది పోసవ్వ. చాలా తొందరగా అన్నది. "గింత దానికి ఇంత ఫికరెందుకు? లారీ యెనక కంకర లేస్తదా లేదా? పెట్టు సంతకం, పోదాం."

చోటీ బీ ఆమె వైపు చూసింది. తరువాత మహిపాల్ చేతిలో గుడ్డ వైపు చూసింది, పచ్చగా పసుపు అంటిన గుడ్డ. మళ్లీ పోసవ్వ వైపు చూసింది. ఆ క్షణంలో ఆమె ఏమైనా అంటే బాగుండేది. పోసవ్వ జవాబులు పది సిద్ధంగా పెట్టుకుంది.

"రేపు అస్తం మహిపాల్" అన్నది చోటీ బీ. తాళంచెవి బల్ల మీదే వదిలేసి బయటికి నడిచింది.

ఇద్దరూ నడిచి ఇంటికి బయలుదేరారు. చెరో రెండు గాజుల పెట్టెలు. పోసవ్వ దారంతా మాట్లాడింది. కార్ల కంపెనీల గురించి, బీమావాళ్ల గురించి, ఈ కాలపు హెడ్‌లైట్లు ప్లాస్టిక్కువి అవడం గురించి, వైశాలి అత్త గురించి. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే చోటీ బీ చెప్పుల చప్పుడు వినిపించేది. అది వినలేక మళ్లీ అందుకునేది. ఒక చోట చోటీ బీ ఆగి, పెట్టెలు దించి, చెయ్యి విదిలించుకుంది. పెట్టెలో గాజులు గలగలమన్నాయి. ఒకటి విరిగిన చప్పుడు వచ్చింది. ఎల్లుండి కాక ఆవలెల్లుండి గురువారం. ఆరు పెట్టెలు. భూమేశ్ పటేల్ ఇంట్లో నలభై మంది ఆడవాళ్లు. ఆ పెళ్లిపిల్లకు ఉయ్యాలనాడు మొదటి గాజులు వేసింది కూడా చోటీ బీయే. ఈమె సమయానికి పోకపోతే వాళ్లు వేరే గాజులామెను పిలుచుకుంటారు. తప్పు వాళ్లది కాదు.

పోసవ్వ నోరు అక్కడ ఆగింది. ఎవరూ ఆపకుండా ఆగడం దానికి అదే మొదటిసారి.

పోసవ్వ గడప దగ్గర చోటీ బీ పెట్టెలన్నీ అరుగు మీద పెట్టించింది. పోసవ్వ కుడి చెయ్యి పట్టుకుంది, గాజులు తొడిగేటప్పుడు పట్టుకున్నట్టే. ఆ చెయ్యి పిడికిలి బిగిసి ఉంది. పసుపు ఇంకా గోళ్లలో ఉంది.

"అక్కా, రేపు ఆఫీసు తెర్వంగనే నువ్వు పోవాలె."

"ఇద్దరం పోదాం."

"నేను రాను. నేను ఉంటె నువ్వు నన్ను అడ్డం వెట్టుకొని లొల్లి వెడ్తవ్."

"పోయి నేనేం చెయ్యాలె?"

"కొబ్బరికాయ నేను కొట్టిన అని చెప్పు."

పోసవ్వ గింజుకుంది. చోటీ బీ చెయ్యి వదలలేదు. బొటనవేలితో మెల్లగా వేళ్లు నలుపుతూనే ఉంది.

"గా మహిపాల్ నవ్వుతడు చోటీ."

"నవ్వనియ్యి."

"అవ్వా అనుకుంట నాల్గు మాటలు అంటడు. బొట్టు వెట్టి దాసిందని బస్టాండంత చెప్తడు."

"చెప్పనియ్యి. కాయితం మీద నీ పేరు రాయి. నీకు మంచిగ రాయవస్తది గదా, ఎన్నడు చూసినా చెప్తవు. రాసినంక తాళంచెవి తీస్కొని రా."

"వాని ఏసీ సంగతి అడగద్దా? ఆ తలుపు సంగతి?"

"రేపు వద్దు అక్కా. రేపు కొబ్బరికాయ సంగతొక్కటే. అది చెప్పు, సంతకం వెట్టు, యెనకకు తిరుగు. వాడు ఏమన్నా, నువ్వు ఇంకో మాట అనద్దు."

పోసవ్వ పిడికిలి ఆమె చేతిలో మెల్లగా వదులైంది.